మంచు చూడ్డానికి పెట్టిన లీవు

మంచుకొండలు చూడాలని ఉందని మా ఆయనతో ఒక్కసారే చెప్పాను. ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "గంత మంచు జూడాల్నని ఉంటే ఫ్రిజ్ తెర్సి జూడు" అన్నాడు. పిల్లలు పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటిదాకా అది ఉత్త ముచ్చట. ఆ నవ్వు విన్నాక, పోయి తీరాల్సిందే అనుకున్నాను.

పటాన్‌చెరులో మందుల కంపెనీలో ఇరవై రెండేళ్లుగా నిలబడి డబ్బాలు ప్యాక్ చేస్తున్నాను. ఇన్నేళ్లలో పెట్టిన లీవులన్నీ ఎవరి పెళ్లికో, చావుకో, జ్వరానికో. మా లైన్లో కొన్నాళ్లు అరుణాచల్ అమ్మాయి ఒకతె పనిచేసింది. ఫోన్లో వాళ్ల ఊరి మంచు చూపించి రమ్మని పిలిచేది. అక్కడికి ఊరికే పోనివ్వరట, సర్కారు పర్మిట్ కావాలట. తన ఊరికి వెళ్లిపోయిన ఆ పిల్లే ఆన్‌లైన్లో పెట్టి మా ఇద్దరికీ తెప్పించింది. ఇద్దరమంటే నేనూ, పటేల్‌గూడలో మా పక్కింట్లో బట్టలు కుట్టే, అందరం అక్కలా ఆపా అని పిలుచుకునే ఆవిడా. భర్త పోయిన మనిషి. సంగతి చెప్పగానే తనూ వస్తానంది.

లీవు అడిగితే, ఇంట్లో ఎవరికి బాగాలేదని అడిగాడు సూపర్‌వైజర్. అందరూ గుండ్రాళ్లలా ఉన్నారు, నేను మంచు చూడ్డానికి పోతున్నానని చెప్పాను. కాగితం మీద కూడా అదే రాశాను.

సికింద్రాబాద్‌లో రైలెక్కితే రెండు రాత్రులు దాటినా దిగేది లేదు. మేం కట్టుకున్న జొన్నరొట్టెలు పెళపెళమనే దాకా ఎండాయి. కొడుకు దగ్గరికా, బిడ్డ దగ్గరికా అని అడగని మనిషి లేడు. వెంట మగవాళ్లు లేరా అన్నారు. లేరు, అయితే ఏంటని నేనే ఎదురడిగాను. గువాహటిలో దిగి జీపెక్కాం.

అరుణాచల్ గేటు దగ్గర పోలీసు పర్మిట్లు చూశాడు. తిరిగి ఇవ్వబోతుంటే తీసుకోకుండా జీపెక్కేశాను. మా కంపెనీలో గేట్‌పాస్ సెక్యూరిటీకి ఇచ్చేయాలి, ఇవ్వకపోతే కదలనివ్వరు. చేతికున్న అలవాటు అది. అతను వెనక నుంచి ఏదో అరుస్తుంటే మర్యాద చేస్తున్నాడనుకుని చెయ్యి కూడా ఊపాను!

మూడు గంటలు ఎక్కాక ఇంకో గేటు. పర్మిట్లేవీ అన్నారు. కింద ఇచ్చేశామంటే అక్కడి పోలీసు నమ్మలేదు. వెనక్కి పొమ్మన్నాడు. డ్రైవర్ మా సంచులు కింద పడేసి మిగతావాళ్లతో వెళ్లిపోయాడు.

ఆపా మోకాళ్లు పట్టుకుని రాయి మీద కూలబడింది. "జెర ఆలోచించు. వాపస్ పోదామా?"

ఫ్రిజ్, ఆ నవ్వులు, అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. తప్పు నాదే, కాదనను. కానీ దానికోసం వెనక్కి ఎందుకు పోవాలి?

"నేను రాను ఆపా. జైల్ల ఏస్తే ఏయనీ, జైలు గూడ ఈ కొండల్లనే ఉంటది గదా" అన్నాను.

సంచి గేటుకు అడ్డంగా పెట్టి దాని మీద కూర్చున్నాను. బిహార్ పిల్లల దగ్గర నేర్చుకున్న ఫ్యాక్టరీ హిందీలో, కింది గేటుకు ఫోన్ చేయమని అడిగాను. చేసేదాకా అడుగుతూనే ఉన్నాను. చివరికి విసుగెత్తి చేశాడు. కింద మా కాగితాలు భద్రంగానే ఉన్నాయి. ఫోటో తీసి ఫోన్లో పంపారు. అతను నవ్వాపుకుంటూ గేటు ఎత్తాడు. పైకి పోయే ఇంకో జీపుకు చేతులడ్డం పెట్టి, ఎక్కించుకోమని అడిగి ఎక్కాం.

మర్నాడు పొద్దున ఆ అమ్మాయి వాళ్ల ఇంటి వెనక గుట్ట మీద మంచులో నిలబడ్డాను. గుప్పెడు తీసి మొహానికి రాసుకుంటే ఏడుపొచ్చింది. సిగ్నల్ దొరకగానే మా ఆయనకు ఫోన్ చేశాను. చూశావా అని అడగలేదు ఆయన. "ఎప్పుడొస్తవ్?" అన్నాడు.

"ఇంకా వారం."

"మరి నా తిండి?"

"ఫ్రిజ్ తెర్సి జూడు" అన్నాను.