విస్తరి మీద అడ్డం పెట్టిన చెయ్యి

మా వైపు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే ఇక చాలని అర్థం. ఆ అర్థం అందరికీ తెలుసు, ఎవరూ వినరు. వేళ్ల సందుల్లోంచైనా ఒక గరిటె పోసి, మొహమాటపడకండి అనేసి ముందుకు పోతారు. మా అత్తగారైతే మరీను. ఎదుటి మనిషి ఆయాసపడుతూ లేస్తే తప్ప ఆవిడకు వడ్డించినట్టుండదు. ఏలూరులో థెరపిస్టు అడిగేదాకా ఇందులో తప్పుందని నాకూ తోచలేదు.

మా పాపకు ఏడేళ్లు. ఆటిజం ఉంది. మాటలు తక్కువ. తెల్లన్నం, అప్పడం, ఒక రకం బిస్కెట్లు తప్ప ఇంకేవీ ముట్టదు. అన్నానికి కూర తగిలిందా, కంచం ఎగిరిపడేది, ఇల్లంతా అరుపులు. అందుకని పడగ్గదిలో ఒక్కదాన్నే కూర్చోబెట్టి పెట్టేవాళ్లం. అది అన్నీ తినేయాలని నాకు అత్యాశ లేదు. ఒక్క పూట మా పక్కన కూర్చుని తింటే చాలనుకునేదాన్ని. తలుపు అవతల అది, ఇవతల మేము. నాకు ముద్ద దిగేది కాదు.

వారం వారం థెరపీకని తాడేపల్లిగూడెంలో ఏలూరు బస్సెక్కి ఉంగుటూరు దాటేసరికే నాకు చిరాకు మొదలయ్యేది, ఈ వారమైనా ఏదైనా తినిపిస్తారా అని. ఆ థెరపిస్టు తినిపించేదే కాదు. చిన్నపిల్ల, నా చెల్లెలి వయసుంటుంది. క్యారెట్ ముక్కలు బల్ల మీద దొర్లించి, వాసన చూసి, పాపతో ఆడుకునేది. ఇంత దూరం వచ్చింది ఆటలకా అని ఒళ్లు మండిపోయేది. ఒకరోజు, మీ ఇంట్లో ఎవరికైనా వద్దనిపిస్తే ఎలా చెప్తారని అడిగింది. చెయ్యి అడ్డం పెట్టి చూపించాను.

"మరి వింటారాండీ?" అంది.

నేను నవ్వాను. ఆ అమ్మాయి నవ్వలేదు. ఇక నుంచి ఇంట్లో ఎవరు చెయ్యి పెట్టినా గరిటె ఆగిపోవాలనీ, అది పాప కళ్లారా చూడాలనీ చెప్పింది. చెయ్యి పెడితే ఆగుతారన్న నమ్మకం కుదిరితే దానికి అరవాల్సిన పని ఉండదట.

ఇంటికొచ్చి చట్టం చేశాను. కన్నకొడుకు వద్దంటే ఊరుకోవడానికి వాడేమైనా పరాయివాడా అని అత్తగారు మూతి ముడుచుకున్నారు. మా ఆయన ఇదే సందని కాకరకాయ కూర వచ్చినప్పుడల్లా చెయ్యి పెట్టేవారు. ఆవిడ గరిటె తొణికితే చాలు, నేను కస్సుమనేదాన్ని. పాప మొదట్లో తలుపు దగ్గర నిలబడి చూసింది. తర్వాత కంచం తెచ్చుకుని మాకు కాస్త ఎడంగా కూర్చుంది. ఒక మధ్యాహ్నం తన కంచం మీద అరచెయ్యి పరిచింది. అత్తగారు పప్పు గరిటె వెనక్కి తీసుకుని, వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నారు.

ఆ ధైర్యంతోనే కొల్లేటి పక్క ఊళ్లో అత్తగారి తమ్ముడి మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి పాపను తీసుకెళ్లాం. షామియానాలో పంక్తి. మా విస్తర్ల మధ్య పాప స్టీలు కంచం, అందులో ఇంటి నుంచి తెచ్చిన అన్నం, అప్పడం. బకెట్ వచ్చినప్పుడల్లా పాప చెయ్యి పెట్టింది. వెనక నిలబడిన అత్తగారు, దానికొద్దండి అని పంపించేశారు. చేపల పులుసు కూడా పాప అరవకుండానే దాటిపోయింది. నేను పొంగిపోవాలి. కానీ అది ఒక్క మెతుకూ ముట్టలేదు. పొద్దుటి నుంచీ ఖాళీ కడుపు. ఎదురుగా ఉన్నావిడ, పిల్ల ఏమీ తినదేంటండీ అంది. ఆ పక్కావిడ కూడా వంగి చూసింది. ఒక్క ముద్ద, ఒక్కటంటే ఒక్కటి తింటే బాగుండు. నా విస్తట్లో పప్పన్నం చిన్న ముద్ద చేసి దాని నోటి దగ్గరికి తీసుకెళ్లాను.

పాప మొహం తిప్పుకుంది. తన కంచం మీద అరచెయ్యి పెట్టింది. నేను ఆపలేదు. ఇంకాస్త ముందుకు వంగాను.

"అమ్మాయ్," అన్నారు అత్తగారు, మెల్లగా. "పిల్ల చెయ్యి పెట్టింది కదా."

ముద్ద నేనే మింగాను. పులుసు బకెట్ రెండోసారి వచ్చింది. అప్పుడు పాప చెయ్యి తీసేసి అప్పడం విరుచుకుంది, వడ్డించేవాళ్లు ఇక పొయ్యరని దానికి తెలుసు. నేను మంచినీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాచాను. పాప నా చెయ్యి చూసి గబుక్కున మళ్లీ తన కంచం కప్పేసింది.