ఎడమచేతి ముడి

మా అత్తగారు రేవులో తాళ్ళు పేనేవారు. ఆవిడ కట్టిన దండెం మీంచి నా చొక్కాని ఓసారి తుఫాను ఎత్తుకుపోబోయి, చేతకాక, చేతులు రెండూ మాత్రం పట్టుకుపోయింది. నమ్మనివాళ్ళకి ఆ చొక్కా చూపిస్తాను.

ఆవిడది ఎడమచేతి వాటం. అందుకే ఆవిడ ముడి అందరి ముడుల్లా కాక, ఎడమకి తిరిగి ఉండేది, చివర ఓ చుట్టు ఎక్కువ. విప్పడం ఎవరికీ చేతనయ్యేది కాదు. దాంతో 'సముద్రపు మంత్రగత్తె' అని ముద్దుపేరు పెట్టారు.

ఒక గాలివానకి, లంగరేసి నిలిపిన సరుకుల ఓడ కొట్టుకుపోయి, రాతిగట్టుకి తగిలి మునిగింది. మనుషులంతా బయటపడ్డారు. లంగరు తాడుని ఓడ చెక్కకి బిగించిన ఇనప కడియానికి కట్టింది మా అత్తగారే.

"ముడి ఊడింది. ఏదో మంత్రం వేసింది" అన్నాడు కెప్టెన్.

ముద్దుపేరు తిట్టయింది. ఆవిడ పేనిన తాడు మళ్ళీ ఎవరూ ముట్టలేదు. "ఓడలో ఏముందిరా, లంగరు వెతకండి" అని ఆవిడ పోయేదాకా మొత్తుకున్నారు. అంత లోతుకి దిగేదెవరు?

మా ఆవిడ అరవై ఏళ్ళు 'మంత్రగత్తె కూతురు' అనిపించుకుంది. పెళ్ళికి ముందు, మా అత్తగారు కప్పని చేసేస్తారని నన్నూ భయపెట్టారు. చెయ్యలేదు గానీ, నా గురక విన్నప్పుడల్లా మా ఆవిడకే అనుమానం వస్తుంటుంది.

మా మనవరాలు డైవరు. మునిగిన ఓడల్ని పరిశీలించడం దాని ఉద్యోగం. ఓ రోజు వంటింట్లో గిన్నె నాకుతూ చెప్పింది.

"అమ్మమ్మా, రేపట్నుంచి మన ఓడ దగ్గరే పని."

"ఓడ సంగతి తర్వాత. ముందు లంగరు చూడు."

"తాడు ఈపాటికి కుళ్ళిపోయుంటుంది కదా?"

"తారు పట్టించిన తాడే. బురదలో ఉంటే ఏమీ కాదు. చేత్తో తడుము. ముడి ఎడమకి తిరిగి, బిగిసుంటే మా అమ్మ గెలిచినట్టు. ఊడిపోయుంటే..." అంటూ దాని చేతిలోని గిన్నె లాక్కుంది.

తొమ్మిది రోజులు ఏమీ దొరకలేదు. పదో రోజు, ఆనాటి గాలి వచ్చిన దిక్కుగా వెనక్కి వెతికితే, ఓడకి చాలా దూరంలో, బురదలో లంగరు తగిలింది. మనవరాలి కళ్ళకేమీ ఆనలేదట. తాడు వెంబడి వేళ్ళు జరుపుకుంటూ పోయిందట.

మధ్యాహ్నం మా ఇద్దరి కళ్ళముందే దాన్ని గట్టు మీదికి తీశారు. తాడు కొసన ఓడ కడియం, కడియాన్ని పట్టుకుని ఊడొచ్చిన చెక్క. చెక్క లోపలంతా పుచ్చు. పుచ్చు కనబడకుండా ఓడవాళ్ళు మైనం కూరి, పైన రంగేశారు. ముడి మాత్రం చెక్కుచెదరలేదు. ఎడమకి తిరిగి, చివర ఓ చుట్టు ఎక్కువ.

రేవు అధికారి తాడు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎట్టకేలకు తలెత్తాడు. "అమ్మా, మీ అమ్మగారి తప్పేమీ లేదు. కాగితం మీద రాసిస్తాను. శుభ్రం చేయిస్తాం, కాస్త ఈ ముడి విప్పుతారా?"

"సముద్రమే విప్పలేకపోయింది, నేనెందుకు విప్పుతాను? అలాగే పెట్టి అందరికీ చూపించండి."

ఇంటికొస్తుంటే మా ఆవిడ నడక చూడాలి! నాకంటే నాలుగడుగులు ముందు.

"నెమ్మదిగా నడువే, మంత్రగత్తె కూతురా" అన్నాను.

అరవై ఏళ్ళలో మొదటిసారి, ఆ పిలుపుకి వెనక్కి తిరిగి "ఊఁ, చెప్పండి!" అంది.