మీసాల మామ జీపుకు చివరి బోల్టు

ఆ రోజుల్లో ఒక పనిముట్టు కొనడమంటే సంబంధం చూసుకున్నంత పని. ఇప్పటివాళ్లు ఫోను మీద వేలు పెట్టి పానాల సెట్టు ఇంటికి తెప్పించుకుంటారు, నచ్చకపోతే మరునాడే వాపసు పంపేస్తారు. మేము కొన్నది వాపసు ఇవ్వాలంటే ముందు దుకాణదారుడితో, తర్వాత యజమానితో, ఆఖరుకు మన మనసుతో తగాదా పడాలి. (మూడింటిలోనూ ఓడిపోయే రకం నేను.) నాకు అప్పుడు ఇరవై మూడేళ్లు. అన్నిటికీ భయమే. ఆ భయాన్ని మర్యాద అనుకునేవాళ్లు చాలామంది ఉండడం వల్ల ఉద్యోగం మాత్రం సులభంగా దొరికింది.

జమ్మలమడుగులో ఒక మెకానిక్ షెడ్డులో సామాను గది చూసుకునే పని నాది. ఏ పానా ఎవరి చేతికి పోయింది, ఎప్పుడు తిరిగి వచ్చింది రాసుకోవాలి, అంతే. అందుకే అందరూ నన్ను రైటరు అనేవాళ్లు. షెడ్డు యజమానిని అందరం ఉస్తాద్ అని పిలిచేవాళ్లం. బక్కపలచటి మనిషి, మాట తక్కువ, దగ్గు ఎక్కువ. ఆయన దగ్గితే ఇంజన్లు కూడా సర్దుకున్నట్టు ఉండేది. ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. పనిముట్టు ఎవరు కొంటారో, మొదటి బోల్టు వాళ్లే తిప్పాలి. నాసిరకం కొన్నవాడికి ఆ సంగతి తన చేతి వేళ్ల మీదే తెలియాలని ఆయన ఉద్దేశం. అప్పటిదాకా కొనేది ఆయనే, తిప్పేది ఆయనే కాబట్టి ఆ నియమంతో నాకు పేచీ రాలేదు.

ఒకనాటి ఉదయం ముద్దనూరు వైపు నుంచి ఒక జీపును నలుగురు మనుషులు తోసుకుంటూ వచ్చారు. ముందు సీట్లో తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన కదలకుండా కూర్చుని ఉన్నాడు. చెంపల దాకా మెలిపెట్టిన మీసాలు. లింగాల దగ్గర ఒక ఊరి పెద్ద రైతు. మర్నాడు మధ్యాహ్నం మూడు గంటల లోపల సర్పంచు పదవికి నామినేషన్ వెయ్యాలి. జమ్మలమడుగులో బంధువుల మద్దతు అడగడానికి వస్తుంటే దారిలో క్లచ్ ప్లేటు కాలిపోయింది. వేరే బండి మాట్లాడుకోవచ్చు కదా అని ఉస్తాద్ అడిగితే, నామినేషన్ వేసేదానికి పరాయి బండిలో దిగితే ఎవడు ఓటు వేస్తాడని ఆయనే ఎదురడిగాడు. నేను మనసులో ఆయనకు మీసాల మామ అని పేరు పెట్టుకున్నాను. పైకి మామా అని పిలవడానికే నాకు రెండు గుటకలు పట్టింది.

క్లచ్ ప్లేటు మార్చాలంటే గేరుబాక్సును ఇంజన్ నుంచి విడదీయాలి. ఆ రెంటినీ పట్టి ఉంచే బోల్టుల్లో పైన ఉండే ఒకటి కంటికి కనపడదు. బోల్టు తలకు తొడిగి తిప్పే సాకెట్ నిటారుగా ఉంటే దానికి అందదు. మెడ దగ్గర కీలు ఉండి పక్కకు తిరిగే సాకెట్ కావాలి. బోల్టులన్నీ ఊడాయి. ఆ ఒక్కదాని దగ్గరికి వచ్చేసరికి ఉస్తాద్ దగ్గర ఉన్న పాత సాకెట్ మెడ అరిగి ఊడిపోయింది. ఆయన రెండుసార్లు దగ్గి నన్ను పిలిచాడు. ప్రొద్దుటూరు పోయి మెడ తిరిగే సాకెట్ తెమ్మన్నాడు. చౌకగా ఉండాలి, విరగకూడదు అన్నాడు. ఈ రెండూ ఒకే వస్తువులో ఉంటాయా అని అడిగే ధైర్యం నాకు లేదు.

ప్రొద్దుటూరులో మూడు దుకాణాలు తిరిగాను. అప్పటికే నాకు డైరీ రాసే జబ్బు పట్టి ఉంది కాబట్టి చూసినవన్నీ అక్కడికక్కడే రాసుకున్నాను. మొదటి దుకాణంలో ఒక తాత నల్లటి సాకెట్ చూపించాడు. మెడ బిర్రుగా ఉంది. వంచితే వంచిన చోటే నిలబడిపోతుంది. తుప్పు పట్టి ఉంటుందనుకున్నాను. ధర వింటే చెవులు వేడెక్కాయి. రెండో దుకాణంలో మెడ తిరిగేది లేదు. మూడో దుకాణంలో వెండిలాగా తళతళలాడే సాకెట్ ఉంది. చేతిలో పట్టుకుంటే చాలు, మెడ ఎటంటే అటు ఆడుతుంది. తిరగడానికే కొంటున్నప్పుడు బాగా తిరిగేదే మంచిదని నేను శాస్త్రీయంగా నిర్ణయించాను. ధర నల్లదానిలో నాలుగో వంతు. పైగా ఆ దుకాణదారుడు నన్ను సార్ అన్నాడు, టీ తెప్పించాడు. అప్పటిదాకా నన్ను సార్ అన్నవాళ్లు లేరు.

షెడ్డుకు తిరిగి వచ్చేసరికి మూడున్నర. సాకెట్ ఉస్తాద్ చేతికి ఇవ్వబోయాను. ఆయన తీసుకోలేదు. గడ్డంతో జీపు కిందికి చూపించాడు. నియమం గుర్తొచ్చి నా మోకాళ్లు నాకంటే ముందే నేల మీద ఆనాయి. గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని, ఎప్పుడూ రాసుకోవడమే తప్ప ఏనాడూ తిప్పని చేత్తో, తడిమి తడిమి ఆ బోల్టుకు సాకెట్ తగిలించాను. మెడ తలకాయ వేలాడేసింది. మళ్లీ తగిలించాను. మళ్లీ వేలాడింది. మూడోసారి కుదిరిందనుకుని, కళ్లు మూసుకుని బలంకొద్దీ లాగాను. టప్పుమని చప్పుడు. మెడలోని పిన్ను విరిగి నా చెంపకు తగిలింది. వేళ్ల కణుపులు ఇనుముకు కొట్టుకుని తోలు లేచిపోయింది. కళ్లు తెరిచేసరికి పక్కన నేలకు ఆనేలా వంగి, మీసాలు కిందికి వేలాడుతూ, మామ మొహం తలకిందులుగా కనిపించింది.

"యాడ కొన్యావప్పా దీన్ని?" అని అడిగాడు.

దుకాణం గుర్తులు చెప్పాను.

"టీ తాపినాడా?"

తాపినాడన్నాను. (అబద్ధం చెప్పాలంటే కొంచెమైనా ధైర్యం ఉండాలి.)

ఆయన నిదానంగా లేచి నిలబడ్డాడు. నాకు చెప్పులు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ చెప్పుల పైనుంచి మాట వినిపించింది. "ఉస్తాదూ, ఆ అంగడోడు మా ఎగస్పార్టీవోని బామ్మర్ది. రేపు నామినేషన్ పెట్టుకోని నా బండికి విరిగే సామాన్లు తెప్పిస్తాండావా?"

షెడ్డులో సుత్తుల చప్పుడు ఆగిపోయింది. జీపును తోసుకొచ్చిన నలుగురూ బండికి నాలుగు వైపులా వచ్చి నిలబడ్డారు. మా ప్రాంతంలో ఎన్నికల రోజుల్లో ఇనుము ఊరికే విరగదు, ఎదుటి పార్టీవాళ్లు ఎవరో విరిపిస్తారు. ఉస్తాద్‌కు దగ్గు కూడా రాలేదు. నేను జీపు కిందే ఉండిపోదామనుకున్నాను కానీ ఎవరో కాళ్లు పట్టి బయటికి లాగారు. నాకేమీ తెలియదు మామా, చూసింది చూసినట్టు రాసుకున్నాను అంటూ జేబులోని డైరీ తీసి ఆయన చేతిలో పెట్టాను. పెట్టిన మరుక్షణం అందులో ఏముందో గుర్తొచ్చింది.

ఆయన పైకే చదివాడు. మొదటి దుకాణం, నల్లది, మెడ బిర్రు, ఇది కొంటే ఉస్తాద్ తిడతాడు. మూడో దుకాణం, తళతళ, చౌక, టీ ఇచ్చారు, కొన్నాను. తర్వాత గొంతు కొంచెం తగ్గింది. "ఇది విరిగితే మీసాల మామ నన్ను విరుస్తాడు. ఆయన మీసాలు చూస్తే నాకు నా ఇంటిపేరు గుర్తు రావడం లేదు. అమ్మకు ఉత్తరం రాయాలి." ఆ నలుగురిలో ఒకడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. మామ వెనకటి రోజుల పేజీలు తిప్పాడు. ఒక పేజీలో బస్టాండు దగ్గరి కుక్క, ఇంకో పేజీలో ఉస్తాద్ దగ్గు, మరో పేజీలో గాలి కొట్టే యంత్రం, ఇంకోదాంట్లో అద్దె ఇంటి అవ్వ. తారీఖు వారీగా నా భయాలన్నీ చక్కటి దస్తూరీలో ఉన్నాయి. ఆయన డైరీ మూసి కాసేపు నన్ను పైకీ కిందికీ చూశాడు.

"వీన్ని ఎగస్పార్టీవోళ్లు కొనేదానికొచ్చింటే, ఆ దుడ్లు పట్టుకునేదానికి గూడా భయపడి పారిపోయింటాడు" అన్నాడు. "పద, ఆ నల్లదాన్ని నేనే కొంటా."

ఆ సాయంత్రమే బస్సులో ఆయన పక్కన కూర్చుని మళ్లీ ప్రొద్దుటూరు వెళ్లాను. దారి పొడవునా నేను ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చుకున్నాను. దుకాణం తాత నల్ల సాకెట్ తీసి ఓపిగ్గా చెప్పాడు. మెడ బిర్రుగా ఉండేది తుప్పు వల్ల కాదట, లోపల స్ప్రింగు ఉండడం వల్లట. వంచిన చోట నిలబడితేనే కనపడని బోల్టుకు తగిలించగలం. పిన్ను లావుగా ఉందా, బోల్టును పట్టే నోట్లో ఆరు మూలలే ఉన్నాయా చూసుకోవాలి. పన్నెండు పళ్ల నోరైతే బిగుసుకున్న బోల్టు తల గుండ్రంగా అరిగిపోతుంది. ఎంత మంచిదైనా మెడను మరీ వంచి బలం చేస్తే నిలవదు. మామ నల్లదాన్ని వంచి వదిలాడు. అది అట్లాగే నిలబడింది. "ఎటంటే అటు వంగే మెడలు మా ఊర్లో శానా ఉండాయి, వాటికి దుడ్లు పెట్టే పని ల్యా" అంటూ డబ్బు తీశాడు.

మర్నాడు తెల్లవారగానే అందరం జీపు దగ్గర చేరాం. ఉస్తాద్ సాకెట్ వైపు చూశాడు, మామ వైపు చూశాడు, దగ్గాడు. కొన్నది మామ. మొదటి బోల్టు తిప్పాల్సింది కూడా మామే. ఆ నియమం ఆయన నిన్న నా వేళ్ల మీద చూసే ఉన్నాడు. ఆయన చొక్కా విప్పి తన మనిషికి ఇచ్చి, పంచె ఎగ్గట్టి, గోనెపట్టా మీద పడుకుని కిందికి జరిగాడు. బోల్టు ఎక్కడుందో తెలిసినవాణ్ణి కాబట్టి పక్కన నేనూ దూరాను. ఇద్దరం భుజం భుజం ఆనించుకుని వెల్లకిలా పడుకున్నాం. ఆయన చెయ్యి పట్టి బోల్టు మీద పెట్టాను. చెవి పక్కన ఎవరో ఆంజనేయ దండకం గొణుగుతున్నారు. నేనే అనుకున్నాను, నేను కాదు.

ఆయన నా వైపు తల తిప్పి, బయటివాళ్లకు వినపడకుండా అన్నాడు. "అప్పా, ఇది మీద పడదు గదా?"

పడదు మామా, జాకీ ఉంది అన్నాను.

"నామినేషన్ అంటే గూడా నాకు ఇట్లనే ఉంది. మా నాయన ఏసిండె, మా అన్న ఏసిండె, నేనూ ఎయ్యాలంట. రాత్రి కన్ను మూత పడల్యా." నా జేబులోని డైరీ వైపు చూసి, "ఇది రాయగాకు" అన్నాడు.

రాయనన్నాను. ఇద్దరం కలిసి లాగితే బోల్టు కదిలింది. తొమ్మిది దాటేసరికి ప్లేటు మారింది, పదిన్నరకు జీపు వాళ్ల ఊరి వైపు, పులివెందుల దారి పట్టింది. ఆయన సమయానికే నామినేషన్ వేశాడు. ఎన్నికలో ఓడిపోయాడు. కబురు తెలిసిన రోజు, ఆయన ఎక్కడ ఎదురవుతాడోనని నేను సామాను గదిలోనే అన్నం తిన్నాను. మళ్లీ ఆయిలు మార్పించడానికి వచ్చినప్పుడు మనిషి ఎప్పుడూ చూడనంత హాయిగా ఉన్నాడు. మీసాలు కూడా కొంచెం కిందికి దిగాయి.

ఆ డైరీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఆ రోజు పేజీలో "ఏడు గంటలకు బోల్టు ఊడింది" అని ఉంటుంది, కింద రెండు పంక్తుల ఖాళీ. ఇన్నేళ్లలో నేను చూసింది రాయకుండా వదిలిన చోటు అదొక్కటే. మామ పోయి చాలా కాలమైంది. అడ్డు చెప్పేవాళ్లు ఎవరూ లేరు కదా అని మొన్న ఆ ఖాళీలో రాద్దామని కలం తీశాను. రాయనని మాట ఇచ్చిన ఆ డైరీలో రాయడానికి చెయ్యి రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. రాస్తూ రాస్తూ రెండుసార్లు వీధి గేటు వైపు చూసుకున్నాను. ఆయన వస్తే బాగుండునన్న ఆశతోనో, వచ్చేస్తాడేమోనన్న భయంతోనో, డెబ్బై దాటిన ఈ వయసులోనూ నాకు తేలలేదు.