చెయ్యి వేసి చూపించమన్నారు

ఊయల తాడు నా చేతిలో లేదు. అయినా ఊయల కదిలింది. ఏదో కీడు జరుగుతోందని నాకు తోచింది ఆ క్షణంలోనే. తల తిప్పేసరికి కిటికీ ఊచల మధ్య నుంచి ఒక చెయ్యి చంటిదాని మెడలోని గొలుసు తెంపుతోంది. ఊచల వెనక ఒక ముఖం. నేను కేక వేసేలోగా ఆ మనిషి కాలవగట్టు మీదికి పరుగెత్తాడు. చంటిదాని మెడ మీద ఎర్రటి గీత మిగిలింది.

కొన్నాళ్లకు బెజవాడ సబ్‌జైలుకు రమ్మని కబురు వచ్చింది. ఆవరణలో పోలీసులు అనుమానం మీద పట్టుకున్నవాణ్ణి మరికొందరు మగవాళ్లతో కలిపి వరసగా నిలబెట్టారు. దొంగ ఎవరో అతని భుజం మీద చెయ్యి వేసి చూపించమన్నారు మేజిస్ట్రేటుగారు. తోడు వచ్చిన మా అత్తగారు నా చెవిలో గొణిగారు.

"బీయే చదివావు కదే అమ్మాయ్, ఆ మాత్రం ముఖం గుర్తుపట్టలేవూ?"

ఒకతని ముందు నా కాళ్లు ఆగిపోయాయి. ఈ ముఖం నేను చూశాను. సందేహం లేదు. చెయ్యెత్తాను.

అతని ముఖం విప్పారింది. "అమ్మగారూ, మీరా అండీ! మంగళగిరి చీరలండీ, మీ అరుగు మీదే మూట దింపేవాణ్ణి. నేనెట్టాంటోణ్ణో మీరన్నా చెప్పండమ్మా!"

నా చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది.

మా ఇంట్లో ఆడవాళ్లం చీరల బేరం తలుపు వారగా నిలబడే చేస్తాం. చూపంతా అంచు మీద, నేత మీద. అమ్మే మనిషి ముఖంలోకి చూడడం మర్యాద కాదు. అయినా కళ్లు చూస్తూనే ఉంటాయి కాబోలు. ముఖం తెలిసినట్టుండడం వేరు, ఎక్కడ చూశామో తెలియడం వేరు అని కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పినావిడ అనేవారు. పరీక్షలో అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇప్పుడు కిటికీ వెనక ముఖాన్ని ఎంత తలుచుకున్నా ఇతని ముఖమే కనిపిస్తోంది. అసలు ముఖం ఇక దొరకదు.

"ఇతను చీరలమ్ముతాడని తెలుసండీ. ఆరోజు చూసింది ఇతన్నో కాదో చెప్పలేను" అన్నాను.

గేటు దాటగానే అత్తగారు, "గొలుసూ పోయె, దొంగా పోయె! బాగుంది చదువు" అన్నారు.

పోలీసులు పట్టుకున్నది అతన్నే; వేరే సాక్ష్యమేదీ లేక సాయంత్రానికి వదిలేశారు. నిర్దోషిని కాపాడానో, దొంగను వదిలానో ఇప్పటికీ నాకు తెలియదు.

మర్నాడు పొద్దున పెద్దపిల్లలిద్దరినీ కూర్చోబెట్టుకుని చెప్పాను: "చీరలతను మన వీధికి వస్తే దొంగా అని అరవకండి. కానీ తలుపు మాత్రం మీరు తియ్యకండి, నన్ను పిలవండి."