తన ఆర్డరును తానే దాటిన వకీలు

మొన్న తిరువళ్ళూరు స్టేషన్‌లో వానకు తడిసిన నల్లకోటుతో ఒక కుర్ర లాయరు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తడిబట్ట వాసన ముక్కుకు తగలగానే మునిరత్నం వకీలు గుర్తొచ్చారు. పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో నేను ఆయన దగ్గర గుమాస్తాను. అయిదో తరగతితో బడి మానేసిన నాకు చదువంతా తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు కోర్టుకు పోయే రైల్లోనే దొరికింది. వేల ఏళ్ళనాటి గ్రీకు విషాద నాటకాలను ఆయన పక్కింటి తగాదాల్లాగా చెప్పేవారు. ఒకదాంట్లో, శవాన్ని పూడ్చకూడదనే రాజు శాసనం ఒక పక్క, చచ్చిన అన్నను పూడ్చితీరాలనే రాజు మేనకోడలి ధర్మం ఒక పక్క.

"ఇంతకూ ఆ రాజు చెడ్డోడా అయ్యా?" అని అడిగాను ఒకసారి.

"చెడ్డోడైతే నాటకమెందుకురా, ఒక ఎఫ్ఐఆర్ చాలు. ఆయనదీ న్యాయమే, ఎదురు నిలిచినోళ్ళదీ న్యాయమే. రెండూ కొట్టుకున్నప్పుడు నువ్వు యాడ నిలబడతావు? ఆ నాటకాలు రాసినోళ్ళు అడిగింది అదే."

ఆ ప్రశ్న చివరికి ఆయన మీదికే వచ్చింది. రైస్‌మిల్లు యజమాని ఒకడు పొలం కొన్నాడు. పొలం మూలన అమ్మినవాళ్ళ పెద్దల సమాధులున్నాయి. ఆ ఇంటివాళ్ళు అందులో అడుగు పెట్టకూడదు, తవ్వకూడదు అని అతని తరఫున మా వకీలే కోర్టులో వాదించి ఆర్డరు తెచ్చారు. పత్రాల ప్రకారం అది న్యాయమే. కొన్నాళ్ళకు ఆ ఇంటి కుర్రవాడు జ్వరంతో పోయాడు. వాళ్ళలో పెళ్ళికానివాణ్ణి కాల్చరు, పూడుస్తారు. అదీ తాతల పక్కనే. అక్క కుప్పమ్మ పట్టపగలే తీసుకుపోయి పూడ్పించింది. మిల్లు యజమాని శవాన్ని తీయించాలని, ఆమెను జైల్లో వేయాలని కోర్టుకెక్కాడు.

"ఆర్డరుందని నీకు తెలుసామ్మా?" అని జడ్జి అడిగారు.

"తెలిసే చేసినాను సామీ. తమ్ముణ్ణి ఇంట్లో పండబెట్టుకోని మీ వాయిదాకు కాచుకోమంటారా?"

ఎవరో నవ్వారు. మా వకీలు నవ్వలేదు. మిల్లు యజమానిని వరండాలోకి పిలిచి, "ఆ మూల వదిలెయ్ నాయనా" అన్నారు.

"ఆర్డరు తెచ్చింది మీరే గదా! ఇప్పుడు నాకు నీతులు చెప్తా ఉండారే!"

అతనన్నదీ నిజమే. అయ్య ఆ రోజే కేసు వదులుకున్నారు. అతను వేరే లాయరును పెట్టుకున్నాడు. శవాన్ని తీయక్కర్లేదన్నారు గానీ, ఆర్డరు మీరినందుకు కుప్పమ్మకు జైలు పడింది. అమావాస్య సాయంత్రం తమ్ముడికి దీపం పెట్టడం ఆగిపోతుందే అని మాత్రం ఏడ్చింది.

అమావాస్య వచ్చింది. అయ్య ప్రమిద, నూనె తీసుకుని బయల్దేరారు. ముళ్ళకంచె దగ్గర నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఆమె తరఫున పోతే ఆ ఆర్డరు మీ మీదా పడుతుంది అయ్యా!"

"పడనీరా. పడాలనే గదా పోతా ఉండేది."

కోతకు వచ్చిన కూలీలు చూస్తుండగానే దీపం పెట్టారు. మర్నాడు చేసిన పని తానే జడ్జితో చెప్పారు. "మీ మంచితనం మాకు తెలీదా!" అని జడ్జి నవ్వి తరువాతి కేసు పిలిపించారు. మిల్లు యజమాని కూడా ఫిర్యాదు చేయలేదు సరికదా, ఎదురుపడితే నమస్కారం పెట్టాడు.

తిరుగు రైల్లో అయ్య నల్లకోటు విప్పి పక్కన విసిరికొట్టారు.

"ఆ పిల్లను లోపలేసి నన్ను నవ్వి పంపినారు. ఆ గ్రీకు నాటకంలో రాజే నయం రా. సొంత మనిషినైనా వదల్లేదు."

మనకెందుకా పరదేశి నాటకాలు అని చదువుకున్నవాళ్ళే అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏ ఆఫీసుకైనా పోయి చూడండి, కుప్పమ్మలు నిలబడే ఉంటారు. నా తెల్లచొక్కా, నెరిసిన తల చూసి గుమాస్తా కుర్చీ చూపిస్తాడు. "ముందు ఆ నిలబడ్డామెకు వెయ్యండి" అంటాను. వెయ్యకపోతే, మోకాళ్ళు ఎంత పీకినా సరే, ఆమె పక్కనే నిలబడతాను.