అమ్మని కలిపిన చెరువు

నేను బడిలో చరిత్ర చెప్తాను. సుమేరియన్ల పాఠం వచ్చిందంటే నాకు పూనకమే. కాలవలు తవ్వి ఎండుభూముల్లో గోధుమ పండించారు, నీరు బయటికి పోయే దారి లేక ఉప్పు పైకి తేలింది, ముందు గోధుమ పోయింది, తర్వాత ఊళ్ళే పోయాయి అని బల్ల గుద్ది చెప్తాను. "వాళ్ళకి తెలీదా మిస్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. "తెలీదు, పాపం!" అంటాను. ఎంత హాయిగా అనేదాన్నో ఆ మాట!

మా నాన్న శ్రీకాకుళం నుంచి బెంగాల్ వచ్చి, ఏక్‌బాల్‌పూర్‌లో ఉంటూ రేవులో బస్తాలు మోసిన మనిషి. ఆదివారమొస్తే నన్ను పక్కింట్లో వదిలి, అమ్మా ఆయనా రెండు బస్సులు మారి రాజార్‌హాట్ దగ్గర ఒక చెరువుకి వెళ్ళేవారు. నాన్న గేలం వేస్తే అమ్మ గట్టు మీద మరమరాలు తింటూ కూర్చునేదట. ఆమె బతుకులో ఉన్న షికారల్లా అదే. పోయేముందు, "నా బూడిదంతా గంగలో కలిపీకండి, గుప్పెడు ఆ సెరువుకి ఉంచండి" అంది. నాన్న అలాగే చేశాడు. ఆడవాళ్ళు నీళ్ళ దగ్గరికి రాకూడదన్నారు కనక నేను ఇంట్లోనే ఏడుస్తూ కూర్చున్నాను. గట్టు మీద చిన్న మనసాదేవి గుడి ఉంటుందని వినడమే తప్ప ఆ చెరువుని నేను చూసిందే లేదు.

తర్వాత నాన్న మోకాళ్ళు దెబ్బతిని అటు వెళ్ళడం మానేశాడు. నిరుడు నేను న్యూ టౌన్‌లో ఫ్లాట్ కొన్నాను. ఈ ఏడు అమ్మ తద్దినం అక్కడే పెట్టుకుందామంటే నాన్న మొహం వెలిగిపోయింది. సెరువు దగ్గరేనట, పిండాలు అందులోనే విడుస్తాడట.

తంతు అయ్యాక పిండాల దొప్ప పట్టుకుని, "నువ్వూ రావే, మీ యమ్మని సూద్దువు గాని" అన్నాడు. అంతవరకూ నన్ను ఎవరూ అలా పిలవలేదు. నీళ్ళ సీసా పట్టుకుని వెంట నడిచాను.

దగ్గర దారని పార్కింగ్‌లోంచి వెనక గేటు వైపు తీసుకెళ్ళాను. గోడ వారన కొత్త టైల్స్ అంటించిన బుల్లి గుడి ఉంది. రోజూ చూసేదే, ఏ దేవతో అని ఏనాడూ ఆగి చూసిన పాపాన పోలేదు. నాన్న అక్కడే ఆగిపోయాడు. వాచ్‌మన్‌ని, "దాదా, ఇక్కడ చెరువుండాలే?" అని బెంగాలీలో అడిగాడు. అతను నవ్వి మా కాళ్ళ కిందికి చూపించాడు. నెలల తరబడి లారీలతో మట్టి తెచ్చి పూడ్చారట. ఆ పైనే లేచాయట మా బ్లాకులన్నీ.

నాన్న కార్ల వరస వైపు చూశాడు.

"మీ యమ్మ మీద ఇల్లు కొన్నావేటే?"

"తెలీదు నాన్నా" అన్నాను. ఛీ, ఎంత చచ్చుమాట!

పిండాలు తిరిగి ఇంట్లోకి తేకూడదు. నాన్న నా చేతిలో సీసా తీసుకుని, మా కారు చక్రం పక్కన సిమెంటు మీద నీళ్ళు పోశాడు. మోకాళ్ళు పట్టుకుని కష్టంగా వంగి, ఆ కాసిని నీళ్ళలో దొప్ప పెట్టాడు.

"దండం పెట్టుకో" అన్నాడు.