ఇసుక కింద పారిన ఏరు

పాపాఘ్ని ఏటి వంతెన దగ్గర నీటి ప్రవాహం కొలిచే ఉద్యోగం వచ్చిందని చెప్తే మా అమ్మ నవ్వింది. "నీళ్లే లేని ఏట్లో ఏం కొలుస్తావే?"

ఆమె అన్నది నిజమే. చాలాకాలం నాకు కొలవడానికేమీ దొరకలేదు. పొద్దున్నే వెళ్లి వంతెన స్తంభానికి బిగించిన స్కేలు చూసేదాన్ని. దాని నీడన మేకలు పడుకుని ఉండేవి.

ఒక వానాకాలం పైన కొండల్లో గట్టిగా కురిసింది. మా నెత్తిన ఎండ కాస్తుండగానే ఏట్లోకి నీళ్లొచ్చాయి. ఎర్రగా, నురుగూ కంపపుల్లలూ ముందుకు తోసుకుంటూ, మనిషి నడిచినంత నిదానంగా. నేనూ నా సహాయకుడూ చిన్న చక్రమున్న మీటరును తాడుతో నీళ్లలోకి దించాం. చక్రం తిరిగే జోరును బట్టి నీటి వేగం తెలుస్తుంది. వేగం, లోతు, ఏటి వెడల్పు చేతికొస్తే ఎంత నీరు పోతోందో లెక్క కట్టొచ్చు.

దిగువ ఊళ్లో రైతులు నీళ్లు తోడే మోటార్లు ఏటి ఇసుకలోనే పెట్టుకుంటారు. అక్కడ చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉన్న పెద్దాయన ఒకరు నాకు తెలుసు. ఆయనకు ఫోన్ చేశాను. "చీకటి పడేలోపు నీళ్లు మీ కాడికొస్తాయి. అందరినీ మోటార్లు తీసేయమని చెప్పండి."

తీశారు. ట్రాక్టర్లు కట్టి పైపులతో సహా ఒడ్డుకు లాగారు. నీళ్లు మాత్రం రాలేదు.

తెల్లారి ఆయనే ఫోన్ చేశాడు. "ఏమ్మా, యాడికి పాయ నీ ఏరు? ఊరంతా నన్ను తిడతాండారు."

నాకు మొహం చెల్లలేదు. ఆఫీసు జీపు ఒడ్డున ఆపించి, నీళ్ల వెంబడే ఏట్లో కిందికి నడిచాను. పోనుపోను నీళ్లు పలచబడ్డాయి. ఒక వంపు తిరిగేసరికి ఏరు అయిపోయింది. నురుగు ఆరిపోయి ఇసుక మీద తెల్లటి గీతలా ఉంది. అవతల అంతా పొడి. ఆ పొడిలో దిగువ నుంచి ఎవరో నడిచొస్తున్నారు. చూస్తే ఆ పెద్దాయనే. నీళ్లను వెతుక్కుంటూ వచ్చాడు.

"ఈడ ఆగిపాయనా!" అంటూ గొంతుక్కూర్చున్నాడు. అంచున నీళ్లు బుడగలు వేస్తూ ఇసుకలోకి దిగుతున్నాయి.

"నేను వేగం చూసినా గానీ ఇసుకెంత తాగుతాదో చూడలేదు," అన్నాను. "ఏండ్ల తరబడి ఎండింది కదా. దాని కడుపు నిండితేనే నీళ్లు పైన పారతాయి."

"మరి నిండినాదా?"

"మీ బావి చూస్తే తెలుస్తాది."

ఏటి ఒడ్డునే ఉన్న ఆయన బావిలోకి టేపు వదిలాం. నీళ్లు మునుపటికంటే పైకొచ్చాయి. ఆ వారమంతా వస్తూనే ఉన్నాయి.

తర్వాత మళ్లీ వాన పడింది. వంతెన కింద ఈసారి నీళ్లు స్కేలు మీద పైపైకి ఎక్కుతున్నాయి. పెద్దాయనకు ఫోన్ చేశాను.

"మల్లా తీయమంటావా? ఎవరు ఇంటారమ్మా నా మాట?"

"మొన్న మీటరు చూసి చెప్పినా. ఈసారి మీ బావి గూడా చూసి చెప్తాండా. ఇసుక నిండి ఉండాది. నీళ్లు యాడా ఆగవు."

"సరే, మొదట నాదే పీకుతా. నన్ను చూసి తీసేవాళ్లు తీస్తారు," అన్నాడు.

తర్వాత మా పనిలో మేం పడిపోయాం. నీటి విసురుకు తాడు ఏటవాలుగా లాగేస్తుంటే ఇద్దరం కలిసి పట్టుకున్నాం. మధ్యాహ్నం ఫోన్ మోగింది. ముందు నీళ్ల హోరు, ఆ తర్వాత ఆయన గొంతు.

"రెండొడ్లూ తాకి పోతాందమ్మా."

"మోటార్లో?"

"అన్నీ ఒడ్డునే ఉండాయి. ఒకాయన పైపులు మాత్రం పాయ."

మర్నాడు నీటిమట్టం తగ్గడం మొదలైంది. ఎంత నెమ్మదిగా దిగుతోందో కొలుస్తూ పొద్దంతా వంతెన మీదే గడిపాం. ఎవరో బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పంపించారు. దారిన పోయే బస్సు ఆపించి జనం దిగారు. పిట్టగోడ పట్టుకుని వంగి, ఎర్రనీళ్లను తృప్తిగా చూసి మళ్లీ ఎక్కారు.